కల్తీకల్లు - మెదడు

సాయంకాలము పటాన్‌చెరులో పని ముగించుకొని కర్మాగారమునుండి వెలువడిన ఒక కార్మికుని ఊహించుకొనుడు. అలసట తీరుటకు దారిలో ఒక సీసా కల్లు త్రాగి ఇల్లు చేరును. కొన్ని నెలలు ఇట్లు గడచిన పిమ్మట, త్రాగని రాత్రి అతనికి నిద్రపట్టదు, చేతులు వణకును. "రేపటినుండి మానివేసెదను" అని బిడ్డలమీద ఒట్టు పెట్టుకొనును. మరునాటి సాయంకాలమునకు ఆ ఒట్టు గట్టున పెట్టబడును. ఇంటివారు అతనిని మాట నిలుపుకొనలేని మనిషి యందురు. నిజముగా తప్పినది మాట మాత్రమేనా?

ఈతచెట్టునుండి, తాటిచెట్టునుండి దించిన కల్లు వేరు. చెట్టు కల్లు చాలనిచోట మత్తుమందు కలిపిన ద్రవమును కల్లని అమ్ము దురాచారము తెలంగాణములో చాలకాలముగా ఉన్నది. క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, అల్ప్రాజోలామ్ అట్టి మందులు. అల్ప్రాజోలామ్ తీవ్రమైన ఆందోళనకు వైద్యుడు మితముగా ఇచ్చు ఔషధము. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము పరిధిలోనిది. ఔషధ పరిశ్రమకు పేరుపొందిన సంగారెడ్డి జిల్లాలోనే దీనిని దొంగచాటుగా తయారుచేయు స్థలములు పలుమారులు పట్టుబడినవి. రోగము మాన్పవలసిన విద్య రోగమును పెంచుటకు వినియోగపడుట విచారకరము.

ఈ మందు మెదడులో చేయు పని యేమి? నాడీకణముల ఉద్రేకమును అదుపుచేయు గాబా అను రసాయనము మనకు సహజముగా కలదు. అది ఎడ్లకు పగ్గము వంటిది. అల్ప్రాజోలామ్ ఆ పగ్గమును మరింత బిగించును. కలత తగ్గి నిద్ర వచ్చును. కాని ప్రతిదినము పరులు పగ్గము బిగించుచుండగా మెదడు తన పట్టును సడలించుకొనును. అందుచేత నిన్నటి మోతాదు నేడు చాలదు. మందు హఠాత్తుగా ఆగినచో పగ్గము తెగిన ఎడ్లవలె నాడీకణములు చెలరేగును. నిద్రలేమి, వణకు, లేనివి ఉన్నట్లు కనిపించుట, తుదకు మూర్ఛ కూడ రావచ్చును. ప్రాణాపాయమును కలుగవచ్చును.

2015 సెప్టెంబరులో అధికారులు కల్తీని కట్టడిచేయగా నిజామాబాదు, మహబూబ్‌నగరు జిల్లాలలో ఎందరో ఇట్టి లక్షణములతో ఆసుపత్రులకు చేరిరి. త్రాగినను ముప్పే: 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి.

వ్యసనము మెదడు వ్యాధియని అమెరికా శాస్త్రజ్ఞుడు అలన్ లెష్నర్ 1997లో వాదించెను. అంతమాత్రమున మనిషి చేతిలో ఏమియు లేదని తలపరాదు. వియత్నాము యుద్ధమునందు హెరాయిన్‌కు బానిసలైన అమెరికా సైనికులలో అధికసంఖ్యాకులు స్వదేశము చేరిన పిదప దానిని విడిచిరని 1970 దశకములో లీ రాబిన్స్ జరిపిన పరిశోధన తెలిపినది. పరిసరము మారిన మెదడును కుదుటపడగలదు. మధుమేహ రోగిని మనము దూషింపము. అట్లని పథ్యము చేయవలదనియు చెప్పము. ఇచటను అంతియే.

కావున శ్రోతలారా, ఇంటిలో ఇట్టివా డొకడున్నచో గదిలో పెట్టి తాళము వేయకుడు. ఒక్కసారిగా మాన్పించుట శౌర్యము కాదు, ప్రమాదము. వైద్యుని పర్యవేక్షణలో మోతాదును క్రమక్రమముగా తగ్గింపవలెను. హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాల ఇట్టి రోగులకు చికిత్స చేయుచున్నది. 14416 సంఖ్యకు ఫోను చేసినను సలహా లభించును. కోలుకొన్నవాడు మరల తప్పటడుగు వేసినచో, చికిత్స వ్యర్థమైనదని తలపక మరల వైద్యునికడకు తోడ్కొనిపొండు.

ఒట్టు వేయించుకొనుట సులభము. ఆ ఒట్టు నిలుచువరకు అతని ప్రక్కన నిలుచుటయే కష్టము. అదియే మన వంతు.