విన్ స్కల్లీ: మాట విలువ, మౌనం విలువ

అమెరికా బేస్‌బాల్ ప్రసారాలలో ఆటను బంతి బంతికీ వర్ణించే ప్రధాన వ్యాఖ్యాతకు, మెలకువలను విశ్లేషించే మాజీ క్రీడాకారుడు తోడుగా ఉండడం వాడుక. అయితే 1950లో బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు ప్రసార బృందంలో చేరి, వ్యాఖ్యాత రెడ్ బార్బర్ వద్ద ఈ విద్యలో మెలకువలు నేర్చి, 1958లో ఆ జట్టుతోపాటే లాస్ ఏంజెలెస్‌కు తరలి, 2016 వరకు 67 సీజన్లు కొనసాగిన విన్ స్కల్లీ, టెలివిజన్ ప్రసారాలను చాలాకాలం ఒంటరిగానే నడిపాడు.

రేడియోలో దృశ్యాన్ని మాటే సృష్టించాలి. టెలివిజన్‌లో దృశ్యం కళ్లెదుటే ఉంటుంది గనుక, వ్యాఖ్యాత కనిపించేదాన్నే తిరిగి చెప్పక, క్రీడాకారుల నేపథ్యాన్నీ సందర్భాన్నీ అందించి, అవసరమైన చోట ఆగాలి. అలా ఆగడంలోని విలువ స్కల్లీకి తెలుసు. 1974 ఏప్రిల్ 8న అట్లాంటాలో హ్యాంక్ ఆరన్ తన 715వ హోమ్ రన్ కొట్టి, అంటే బంతిని మైదానం హద్దు దాటించి, బేబ్ రూత్ రికార్డును అధిగమించినప్పుడు స్కల్లీ మౌనం వహించి, ప్రేక్షకుల హర్షధ్వానాలనే శ్రోతలకు వినిపించాడు. ఆ తరువాతే, అమెరికా దక్షిణ ప్రాంతంలో ఒక నల్లజాతి క్రీడాకారునికి జనమంతా లేచి నిలిచి జేజేలు పలకడంలోని చారిత్రక ప్రాధాన్యాన్ని వివరించాడు.