బావులలో బడిన బాటసారి



కావ్యపాకములను గుఱించి మన యాలంకారికులు చెప్పిన మాట పెద్దలకు తెలిసినదే. నోట వేసికొన్నంతనే రసమిచ్చునది ద్రాక్షాపాకము. తొక్క యొలిచినగాని రుచి తెలియనిది కదళీపాకము. పీచు తీసి, పెంకు పగులగొట్టినగాని లోని తీపి యందనిది నారికేళపాకము. నేడు నేను మనవి చేయబోవునది కావ్యము కాదు; ఒక యాట. దానికి మూలమైన చలనచిత్రము ద్రాక్షాపాకము. ఆట మాత్రము నారికేళపాకము. ఆ కాయలో కొబ్బరి కలదా, లేక వట్టి పెంకేనా యనునదియే నేటి విచారణ.

1982వ సంవత్సరము జూను నెలలో అమెరికాలో స్టీవెన్ స్పీల్‌బర్గ్ దర్శకత్వమున ‘ఇ.టి. ది ఎక్స్‌ట్రా టెరెస్ట్రియల్’ అను చిత్రము విడుదల యయ్యెను. అన్యలోకమునుండి వచ్చిన యొక ప్రాణి తనవారినుండి తప్పిపోయి, ఇలియట్ అను బాలుని యింట దాగి, వాని స్నేహబలముచే తుదకు తనవారిని చేరుట అందలి కథ. ఆ యేటి డిసెంబరులోనే అటారి కంపెనీవారు తమ 2600 అను యంత్రమునకు తగినట్లు ఆ కథను ఆటగా వెలువరించిరి.

ఆ యంత్రము 1977లో బజారునకు వచ్చినది. దానిని టెలివిజనుకు తగిలించి, ఆటను నిమిడ్చిన కార్ట్రిడ్జి యను చిన్నపెట్టెను దానిలో గ్రుచ్చి, జాయ్‌స్టిక్ అను పిడిని చేతబట్టి యాడవలెను. పిడికి మీట యొక్కటే. ఆడుచున్నంతసేపును మాఱుచుండు సంగతులను జ్ఞాపకముంచుకొనుటకు ఆ యంత్రమునకు గల చోటు 128 బైటులు మాత్రమే. బైటు అనగా ఒక యింగ్లీషు అక్షరము పట్టు చోటు. నేటి కంప్యూటరులు తెలుగును వ్రాసికొను తీరున నైనచో, అందు ఒక యుత్పలమాల యైనను పట్టదు. ఇంత యిఱుకైన గదిలో ఒక చలనచిత్రమును కాపురముంచుట ఎంత కష్టమో శ్రోతలే యూహింపగలరు.

క్రిందటి యేడు నేను అమెరికాలో మా కుమారుని యింట కొన్ని నెలలుంటిని. మా మనుమడు ఒక పాతసామానుల యంగడిలో ఈ యంత్రమును, ఈ యాటను కొని తెచ్చెను. వివరణపుస్తకము మాత్రము వానితో రాలేదు. “తాతగారూ, మీరొకమాఱు ఆడి చూడుడు” అని వాడు పిడి నా చేతికిచ్చెను.

ఆకాశమునుండి నౌక దిగినది. అడవిలో ఇ.టి. నిలిచినాడు. తెఱ యడుగున 9999 అను సంఖ్య కనబడుచున్నది. అది వాని ప్రాణశక్తి. అడుగు వేసిన కొలదియు అది తఱుగుచుండెను. నేను ప్రక్కకు నడిపించితిని. తెఱ మాఱినది, వాడు ఒక గోతిలో బడినాడు. మీట నొక్కగా మెడ సాచి మెల్లగా పైకి తేలినాడు. అంచు చేరినాడని నేను సంతసించి, పిడిని త్రిప్పితినో లేదో, మఱల అదే గోతిలో బడినాడు. మూడవమాఱు బయటపడి నాలుగడుగులు వేయగా వేఱొక గోయి. అంతలో పొడుగుపాటి కోటు తొడిగిన యొక ప్రభుత్వోద్యోగి వెంటబడెను. వేఱొక శాస్త్రజ్ఞుడు వచ్చి వానిని పట్టి తన భవనమునకు గొనిపోయెను. ఏల పట్టెనో, ఏమి చేయవలెనో నాకు తెలియలేదు. అరగంటలో శక్తి యంతయు హరించి ఇ.టి. తెల్లబడి పడిపోయెను. నేను పిడిని క్రిందబెట్టి, “ఇది యాట కాదు, నూతికప్ప బ్రతుకు. దీనికి సున్న మార్కులు” అని తీర్పు చెప్పితిని.

మనుమడు వెంటనే బదులు చెప్పలేదు. కొంతసేపటికి, “పాఠము చదువక పరీక్షకు వచ్చిన పిల్లవానికి మీరేమని చెప్పెడివారు?” అని యడిగెను.

ఆ మాట నాకు ముల్లువలె నాటెను. ముప్పదియేండ్ల కొలువులో నేను పిల్లలకు చెప్పినది అదియే. వ్యాఖ్యానము లేక పంచకావ్యములలో ఒక శ్లోకమునకైనను నాకు అన్వయము కుదిరెడిది కాదు. అట్టివాడను ఒక గ్రంథమునకు వ్యాఖ్య చూడకయే తీర్పు చెప్పితిని. ఆ రాత్రి మనుమడు కంప్యూటరులో ఆ వివరణపుస్తకమును వెదకి పట్టుకొనెను. ఇద్దఱమును కూర్చుండి చదివితిమి.

అప్పుడు తెలిసినది. బావులలో పడుట వట్టి శిక్ష కాదు. అందే టెలిఫోను ముక్కలు మూడు దాగియున్నవి. వానిని కూర్చినగాని తనవారికి కబురంపుట సాధ్యము కాదు. తెఱ పైభాగమున మాఱుచుండు చిహ్నములు అలంకారములు కావు; ఏ తావున నిలిచిన ఏ శక్తి గలుగునో అవి చెప్పును. ఒక గుర్తుకడ ముక్క యే బావిలో నున్నదో తెలియును. వేఱొక గుర్తుకడ ఇలియట్‌ను పిలువవచ్చును. కబురంపిన పిమ్మట గడువులోపల అడవి చేరినచో నౌక వచ్చి కొనిపోవును. వెంటాడువారి సంఖ్యను, వేగమును తగ్గించుకొను ఏర్పాటును కలదు. మఱునాడు రెండు గంటలలో ఇ.టి.ని వాని నౌక యెక్కించితిమి. మనుమడు చప్పట్లు కొట్టెను. నేనును కొట్టితిని.

అయినను పక్షపాతము కూడదు. అంచున నిలిచినవానిని వెండ్రుకవాసి తేడాతో మఱల గోతిలో ద్రోయుట పుస్తకము చదివినంత మాత్రమున పోలేదు. అది నిర్మాణదోషము. ఆ దోష మెట్లు పుట్టెనో చరిత్ర చెప్పుచున్నది. చిత్రము హక్కులకై బేరసారములు జూలై నెలాఖరు వఱకు సాగినవి. క్రిస్మసు పండుగకు సరకు అంగళ్లలో నుండవలెను. కావున హోవర్డ్ స్కాట్ వార్షా అను యువకునకు కంపెనీవారిచ్చిన గడువు సుమారు అయిదు వారములు. సాధారణముగా అట్టి యాటకు నెలల తరబడి పట్టును. ఆయన అంతకుముందు ‘యార్స్ రివెంజ్’ వంటి మెప్పుపొందిన యాటను నిర్మించినవాడు; నేర్పు లేనివాడు కాడు. ముహూర్తము పెట్టి, శుభలేఖలు పంచి, వంటవానికి మాత్రము జామైనను మిగుల్చక, అన్నము పలుకైనదని వానిని దూషించుట న్యాయమా?

ఆట మొదట పదునైదు లక్షలకు పైగా అమ్ముడుపోయినను, లక్షలకొలది పెట్టెలు మిగిలిపోయెను. 1983లో కంపెనీవారు మిగిలిన సరకు కొంత న్యూమెక్సికో రాష్ట్రములోని అలమోగోర్డో యూరి చెత్తదిబ్బలో పాతిపెట్టిరి. 2014వ సంవత్సరము ఏప్రిల్ 26వ తేదీని ఆ దిబ్బను త్రవ్వగా ఈ యాట పెట్టెలును, అనేకములైన యితర యాటల పెట్టెలును బయటపడెను. ఆ యేండ్లలో అమెరికాలో వీడియో ఆటల వ్యాపారమంతయు కూలినది. దానికి కారణములు పెక్కు. లోకము మాత్రము నేరమంతయు దీని నెత్తిన వేసెను. బావులలో బడు ప్రాణిని గుఱించిన యాట తానే గోతిలో బడి, ముప్పదియొక యేండ్లకు పైకి వచ్చెను. వార్షాగారు పిదప మానసిక చికిత్సకుడై బాధపడువారి మాటలు వినుచుండుటయు ఈ కథకు తగిన శాఖయే.

ఇక నా తీర్పు. ఈ కాయకు పెంకు దళసరి, కొబ్బరి కొంచెము, కాని కలదు. ఈ నాయకుని చేత ఆయుధము లేదు, వాడెవ్వనిని చంపడు. వాని కోరిక యొక్కటే, ఇల్లు చేరుట. పరాయిదేశములో కుమారుని యింట కిటికీకడ కూర్చుండి, మా యూరి చెఱువుగట్టును తలచుకొనుచుండిన నాకు ఆ కోరిక క్రొత్తది కాదు. ఆ దినము నేను వేసిన సున్నను కొట్టివేసి, నూటికి నలువది మార్కులు వేసితిని. ఉత్తీర్ణుడే.

సున్న మార్కు వేసిన కాగితములు నా కొలువులో ఎన్నియో కలవు. వానిలో ఎన్నింటిని రెండవమాఱు చదివితినని ఆ రాత్రి లెక్కించుకొంటిని. ఆ లెక్క మీకు చెప్పను. పిల్లలను గాని, కోడండ్రను గాని, క్రొత్తగా వచ్చిన వస్తువును గాని తొలిచూపున త్రోసివేయబోవునపుడు, వివరణపుస్తకము చదివితిమా యని పెద్దలమైన మన మొకమాఱు ప్రశ్నించుకొందము గాక.

సెలవు.