ఒకే కథ, రెండు నిబంధనలు

ఆటోనగర్‌లో లారీ బాడీని ఒక ఛాసీ నుండి వేరొకదానికి మార్చునపుడు పాత బోల్టు రంధ్రములు కలియవు. బరువు ఏ ఇరుసుపై పడునో మరల చూడవలెను. ఆటల సంగతియు నట్టిదే.

వైకుంఠపాళిని పాచికతో ఆడినచో ఒకటి మొదలు ఆరు వరకు అంకెలన్నియు సమానముగా పడును. ఆరు గవ్వలు వేసి, నోరు పైకి పడినవానిని లెక్కించినచో మూడే తరచుగా పడును. గవ్వ రెండు వైపులకును సమముగా పడునని అనుకొన్నచో, ఆరు పడుట 64లో ఒక్కసారియే. పటము మారలేదు, పాము కాటు మారినది.

పాత్రలు ధరించి బల్లచుట్టు కూర్చుండి ఆడు సాహసకథలకును ఇదియే చిక్కు. అమెరికాలో 1974లో వెలువడిన డన్జన్స్ అండ్ డ్రాగన్స్‌లో అనుభవముతోపాటు వీరుని ప్రాణబలము పెరుగును. 1981 నాటి కాల్ ఆఫ్ కథుల్హులో ఇంచుమించు పెరుగదు. మొదటిదానిలో గుహద్వారమున నిలిచిన రాక్షసుడు ఒక ఆటంకము మాత్రమే. అంకెలు మార్చి రెండవదానికి తెచ్చినచో కథ గుమ్మమునందే ముగియును. కనుక మేము ముందుగా, వాడచ్చట ఎందుకున్నాడని అడుగుదుము. ఆలస్యము చేయుటకైనచో తాళము వేసిన తలుపు చాలును. భయపెట్టుటకైనచో అడుగుల చప్పుడు చాలును.

ధనము సంగతి మరింత సూక్ష్మము. తొలి డన్జన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఒక బంగారునాణెమునకు ఒక అనుభవాంకము. అందుచే తెలివిగల ఆటగాండ్రు పోరు తప్పించుకొని పెట్టెకొరకే పాకులాడుదురు. 2000 నాటి మూడవ కూర్పులో ఆ లెక్క లేదు. పెట్టెను అట్లే యుంచినచో తెరచు ఆత్రము పోవును. అందు నాణెములకు బదులు ఊరివారికి అత్యవసరమైనది, కాలువ లాకుల తాళపుచెవి వంటిది, ఉంచవలెను.