పాత్ర మారినను పాఠము నిలువవలెను
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



నేను పండితుడను గాను. సహకార సంఘపు లెక్కలు వ్రాసికొని జీవించువాడను. పగలు చిట్టా, ఆవర్జా. రాత్రి ఈ గ్రంథాలయమునుండి కొనిపోయిన భారత భాగవతములు. ఇదియే నా విద్య. అట్టి నన్ను ఈ సభలో మాటలాడుమని కార్యదర్శిగారు కోరినారు. కావున నేను అనుభవించి తెలిసికొన్న ఒక చిన్నవిషయమును విన్నవించెదను.

2012 ప్రాంతమున ఒక శిక్షణసంస్థవారి ఆన్‌లైను పాఠములవలన జంటపద్దు లెక్కలను కంప్యూటరుపై వ్రాయుట నేర్చుకొంటిని. ఆ పాఠములు ఫ్లాష్ అను పద్ధతిలో కూర్చబడినవి. తెరపై ఒక రశీదు కనిపించును. దానిని మౌసుతో పట్టి జమవైపునకో ఖర్చువైపునకో లాగవలెను. తప్పు వైపునకు లాగినచో అది తిరిగి వచ్చును. ఎన్నిసార్లు తప్పితినో చెప్పలేను; ఆ తప్పులే నాకు గురువులైనవి.

2021లో మా వీథిలోని ఒక విద్యార్థినికి ఆ పాఠములనే చూపవలెనని గ్రంథాలయపు కంప్యూటరు తెరచితిని. పాఠమున్న చోట బూడిదరంగు గడి యొక్కటి శూన్యముగా నిలిచియున్నది. కంప్యూటరు చెడలేదు. ఫ్లాష్‌ను నడపు అడోబీ సంస్థ 2020 డిసెంబరు 31తో దాని పోషణ మానినది. 2021 జనవరి 12 మొదలు ఆ ప్లేయరు దేనిని గాని తెరవకుండ చేసినది. ఇది చెప్పకుండ వచ్చిన ఆపద కాదు. 2017 జూలైలోనే వారు ప్రకటించి, మూడేండ్లకు పైబడిన గడువిచ్చిరి. 2007లో వచ్చిన ఐఫోను ఫ్లాష్‌ను ఎన్నడును స్వీకరింపలేదు. 2011లో అడోబీవారే ఫోనుల కొరకు దానిని తయారుచేయుట విరమించిరి. దాని స్థానమున వచ్చిన హెచ్‌టిఎంఎల్ 5 అను పద్ధతి 2014 అక్టోబరు 28న ప్రమాణముగా వెలువడినది. దీనికి వేరే ప్లేయరు అక్కరలేదు. ఫోనులోని బ్రౌజరే చాలును.

సంస్థవారికి వ్రాసితిని. దిద్దుటకు వీలైన మూలప్రతులు తమయొద్ద లేవనియు, తుదిరూపములే మిగిలినవనియు బదులు వచ్చినది. కొన్నినెలలకు ఆ పాఠములను పాతయంత్రముపై ఆడించి, వీడియోలుగా పట్టి పంపిరి. ఆ బాలిక వానిని తన ఫోనులో మూడుసార్లు చూచినది. పిమ్మట నేనొక రశీదు చేతికిచ్చి పద్దు వేయుమంటిని. కొంతసేపు చూచి, "బాబాయిగారూ! చూస్తే అంతా తెలిసినట్టే ఉంది, చెయ్యబోతే రావడంలేదు" అన్నది. పాఠము ఫోనులోనికి వచ్చినది గాని, అభ్యాసము దారిలో జారిపోయినది!

ఇట్టి చిక్కు మనకు క్రొత్తది గాదు. తాళపత్రములు చెమ్మకును పురుగులకును లోనై నశించుచున్న కాలమున సి.పి. బ్రౌన్ దొరగారు ఒక్కొక్క గ్రంథమునకు పలుప్రతులు తెప్పించి, పండితులచేత పాఠములు సరిచూపించి, కాగితముపై శుద్ధప్రతులు వ్రాయించిరి. తప్పులతో సహా ఎత్తి వ్రాయించి ఊరకుండలేదు. మనకును అదియే మార్గము.

మొదట, ఏది మోయదగినదో ఏరవలెను. 2017 జూలై 1న జి.ఎస్.టి. అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వపు అమ్మకపుపన్ను పాఠమును అట్లే క్రొత్తరూపమునకు మార్చినచో తప్పును భద్రపరచినట్లగును. రెండవది, అక్షరములు. నాటి తెలుగు పాఠములు పెక్కు యూనికోడు కాని ఫాంటులలో నుండెను. వానిని యూనికోడులోనికి మార్చి, అక్షరమక్షరము సరిచూడవలెను. మూడవది, చేత. ఫోనునకు మౌసు లేదు. బాణపుగుర్తు నిలిపినంతనే వివరము కనబడు ఏర్పాటు అచ్చట పనికిరాదు. వ్రేలితో తాకుటకు తగినంత పెద్దగడి కావలెను. వెడల్పైన పట్టికను ముక్కలుగా విడదీయవలెను. నాల్గవది, మూలప్రతిని రెండుచోట్ల దాచవలెను.

ఆ బాలికయు నేనును కలిసి హెచ్5పి అను ఉచితసాధనముతో పది అభ్యాసములను తిరిగి కూర్చితిమి. ఇప్పుడు రశీదు వ్రేలితో జరుగుచున్నది. తప్పు వైపునకు పోయిన వెనుకకు వచ్చుచున్నది. ఆమె తొలినాడు తొమ్మిదిసార్లు తప్పినది. నాకు కలిగిన సంతోషము ఇంతింతనరాదు!

పదింటిలో ఒకటి, బ్యాంకు నిల్వను సరిచూచు పాఠము, చిన్నఫోనులలో నేటికిని సరిగా రాలేదు. దయచేసి మీమీ ఫోనులలో తెరచి, ఎక్కడ తప్పుచున్నదో చెప్పుడు. అందులోను, ఇంటిలో అన్నిటికంటె చౌకైన ఫోనులో చూడుడు; అదియే అసలైన పరీక్ష. మూలప్రతులను ఒకటి గ్రంథాలయ బీరువాలో, ఒకటి సంఘపు కార్యాలయములో ఉంచుటకు కార్యవర్గమువారు అనుమతింతురని ఆశించుచున్నాను.

లెక్కలవాడను, ఒక పాఠము బాకీయున్నదని ఒప్పుకొని, మీయందరి సాయముతో తీర్చెదనని మాటయిచ్చి, సెలవు తీసికొనుచున్నాను.