తాళం వేసిన ఇంటికి వచ్చిన ఉత్తరాలు

(పూర్వ విద్యార్థి సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఇంజనీరువి కదా, టెక్నాలజీ గురించి పది నిమిషాలు మాట్లాడు" అన్నారు. కృత్రిమ మేధ గురించి నాకంటే మీ మనవలు బాగా చెబుతారు. అందుకని నేను పోస్టు గురించి మాట్లాడతాను. నవ్వకండి. ఈ హాల్లో ఉన్నవాళ్లలో చాలామందికి ఊళ్లో తాళం వేసిన ఇల్లు ఒకటి ఉంది. ఆ ఇంటికి ఉత్తరం వస్తే ఏమవుతుందో నేను పడి తెలుసుకున్నాను. మీరు పడకుండా తెలుసుకుంటారని చెబుతున్నాను.

మన తెలుగు మాస్టారు లేఖా రచన ఎలా నేర్పారో గుర్తుందా? కుడివైపు పైన ఊరు, తేదీ. కింద గడి గీసి చిరునామా. గడి లేకపోతే ఎంత బాగా రాసినా మార్కు కోసేవారు. పిన్ కోడ్ రాయకపోతే సోషల్ మాస్టారికి కోపం. అది 1972 ఆగస్టు 15న వచ్చిందనీ, మొదటి అంకె 5 ఉంటే ఉత్తరం మన వైపుదో కర్ణాటకదో అయి ఉంటుందనీ ఆయనే చెప్పారు. పదిహేను పైసల కార్డు మీద ఊరంతా పట్టేంత సన్నగా రాసేవాళ్లం. ఇల్లు తాళం వేసి ఉంటే పోస్టుమాన్ గారు పక్కింట్లో ఇచ్చేవారు. పక్కింటివాళ్లు చదివి కూడా పెట్టేవారు. అది వేరే సంగతి.

నేను నీటి పంపింగ్ స్టేషన్లకు కంట్రోల్ ప్యానెళ్లు డిజైన్ చేస్తాను. కరోనా తర్వాత మా పని ఇంటి నుంచే. హైదరాబాద్‌లో ల్యాప్‌టాప్ తెరిస్తే అదే ఆఫీసు. స్టేషన్ ప్రారంభించే రోజుల్లో మాత్రం నెలల తరబడి బయటి దేశాల్లో ఉండాలి. బిల్లులన్నీ ఫోన్లో, బ్యాంకు ఫోన్లో, పాలసీలు ఈమెయిల్లో. "మాకు కాగితంతో పనిలేదు" అని గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

మూడేళ్ల కిందట మస్కట్‌లో ఉన్నాను. ఒక సాయంత్రం ఊరి నుంచి ఫోన్. మా క్లాస్‌మేటే, మోటారు వైండింగ్ షాపు పెట్టుకున్నవాడు. క్షేమ సమాచారాలేమీ లేవు.

"ఒరేయ్, మీ కొబ్బరి తోటలో టేపులు పట్టుకుని కొలుస్తున్నారు. కోర్టు నుంచి కమిషనర్ అంట. నీకు తెలుసా?"

నాకు తెలియదు. ఆ తోట మా నాన్నకూ పెదనాన్నకూ ఉమ్మడి. నాన్న పోయాక అమ్మను హైదరాబాద్ తీసుకెళ్లి ఇంటికి తాళం వేశాం. కర్మల దగ్గరే ఏదో మాట తేలిపోయి పెదనాన్న గారి అబ్బాయికీ నాకూ పలకరింపులు తగ్గాయి. నా ఫోన్ నంబరూ మారింది. అన్నయ్య పంపకం కోరుతూ దావా వేశాడు. రికార్డులన్నిటిలో నా చిరునామా ఊళ్లో ఇల్లే. లాయరు నోటీసు వచ్చింది, "ఇల్లు తాళం" అని తిరిగి వెళ్లింది. కోర్టు సమన్లూ అలాగే వెళ్లాయి. చివరికి తలుపుకు కాగితం అంటించి వెళ్లారు. ఆ తలుపు చూసేవాళ్లెవరు? వానకు కాగితం ఊడిపోయింది. నేను హాజరు కాలేదు కాబట్టి కోర్టు ఎక్స్‌పార్టీగా ప్రిలిమినరీ డిక్రీ ఇచ్చింది. తోట కొలవడానికి కమిషనర్ వచ్చిన రోజున షాపు నుంచి ఇంటికి పోతూ మావాడు ఆగి అడిగాడు. ఆగకపోయి ఉంటే ఫైనల్ డిక్రీ కూడా అయిపోయేది.

"నాకు ఉత్తరం అందలేదు కదా, ఇదెలా చెల్లుతుంది?" అని లాయరు గారిని నిలదీశాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ ఉంది. సరైన చిరునామా రాసి, స్టాంపు అంటించి, రిజిస్టర్డ్ పోస్టులో వేస్తే, మామూలుగా చేరాల్సిన సమయానికి అది చేరినట్టే చట్టం భావిస్తుంది. చేరలేదని చెప్పుకోవాల్సిన బరువు మన మీద ఉంటుంది. ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయమని అడగడానికి గడువు ముప్పై రోజులే. సమన్లు సరిగా అందకపోతే ఆ ముప్పై రోజులూ డిక్రీ సంగతి మనకు తెలిసిన రోజు నుంచి లెక్క. నాకు తెలిసింది ఆ ఫోన్ కాల్‌తో. అంటే ఆ సాయంత్రం నుంచే గడియారం తిరుగుతోంది.

పని వదిలి రాలేను. మస్కట్‌లో మన ఎంబసీకి వెళ్లి సంతకం ధ్రువీకరించుకుని తమ్ముడి పేర పవర్ ఆఫ్ అటార్నీ పంపాను. విదేశంలో రాసిన అలాంటి కాగితానికి ఇండియా చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టాలి. చాలామందికి ఇది తెలియదు, గుర్తుంచుకోండి. గడువుకు నాలుగు రోజుల ముందు పిటిషన్ పడింది. కోర్టు దయతలచి డిక్రీని పక్కన పెట్టింది.

ఇక్కడితో అయితే ఇది కోర్టు కథే. సెలవు మీద వచ్చాక మా అన్నయ్య ఇంటికి వెళ్లాను. వదిన కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది. అన్నయ్య మొహం తిప్పుకునే అన్నాడు: "లాయరు దగ్గరికి పోకముందు నీకు నా చేత్తో రెండు ఉత్తరాలు రాశాన్రా. దారి వదిలి, మిగతాది నీ ఇష్టప్రకారం పంచుకుందాం అని రాశా. ఒక్కదానికీ జవాబు లేదు. గల్ఫ్‌లో సంపాదించేవాడికి మేం లెక్కలేదు అనుకున్నా."

ఇంటి తాళం తీసి చూస్తే తలుపు సందులోంచి పడిన కాగితాల కుప్ప. పెళ్లి శుభలేఖలు, కరెంటు వాళ్ల కాగితాలు, చెదలు సగం తిన్న ఒక బ్యాంకు కవరు. వాటి కింద ఆ రెండు ఉత్తరాలు. మొదటిదానిలో "చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు" అని ఉంది. రెండోదానిలో ఆశీస్సులు లేవు. అవి మామూలు పోస్టు. రిజిస్టర్డ్ కాదు కాబట్టి తిరిగి పోలేదు. తాళం వేసిన ఇంట్లో పడి ఉన్నాయి. ఆయనేమో చేరాయనుకున్నాడు.

ప్రతి పంపుకూ అలారం పెట్టే ఇంజనీరును నేను. సిగ్నల్ వెళ్లిందా, అవతల అందిందా అని రెండుసార్లు సరిచూసుకోనిదే స్టేషన్ అప్పగించను. నా ఇంటి తలుపుకు మాత్రం అలారం పెట్టుకోలేదు.

ఇప్పుడు నేనేం చేస్తున్నానో చెబుతాను, పనికొస్తే వాడుకోండి. ముందుగా నాకు కాగితం పంపేవాళ్ల జాబితా రాశాను. ఈమెయిల్‌కు మారేవన్నీ మార్చాను. అయినా కొన్ని కాగితంగానే వస్తాయి: పాస్‌పోర్టు, బ్యాంకు కార్డు, చెక్కుబుక్కు, రెవెన్యూ నోటీసు, కోర్టు సమన్లు. వాటికి నేను నిజంగా ఉండే చిరునామా, ఫోన్ నంబరు ఇచ్చాను. ఊళ్లో పోస్టాఫీసుకు వెళ్లి, నా ఉత్తరాలను ఫలానా చిరునామాకు రీడైరెక్ట్ చేయమని రాసిచ్చాను. సంతకం పెట్టి తీసుకోవాల్సిన వాటిని నా తరఫున ఎవరు తీసుకోవచ్చో కూడా రాతపూర్వకంగా ఇచ్చాను. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కాబట్టి స్పీడ్ పోస్టు కవరు అనగానే తేలిగ్గా తీసుకోకండి.

ఉత్తరం తీసుకునే మనిషితో ఒప్పందం కూడా స్పష్టంగా ఉండాలి. కవరు ముందువైపు ఫొటో తీసి ఆ రోజే వాట్సాప్‌లో పంపాలి. కోర్టు, రెవెన్యూ, పన్నుల కవరైతే వెంటనే విప్పి లోపలి కాగితాల ఫొటో పంపాలి. బ్యాంకు కార్డుల కవరు విప్పకుండా బీరువాలో పెట్టాలి. ఆయన ఊరెళితే ఆ పని చూసే రెండో మనిషి ఉండాలి. మా పంపుల దగ్గర దాన్నే స్టాండ్‌బై అంటాం.

అమెరికా నుంచి వచ్చిన మిత్రులారా, ఇది ఇండియా జబ్బు అనుకోకండి. అక్కడి ఆదాయపు పన్ను శాఖ ఐ.ఆర్.ఎస్. తనకు చివరిసారి తెలిసిన చిరునామాకు డెఫిషియెన్సీ నోటీసు పంపితే, మీకు అందకపోయినా అది చెల్లుతుంది. టాక్స్ కోర్టుకు వెళ్లడానికి 90 రోజులు, దేశం బయట ఉన్నవారికి పంపితే 150 రోజులు. నెలలోపు ఊరొస్తే అక్కడి పోస్టాఫీసు మీ ఉత్తరాలను 30 రోజుల దాకా ఆపి ఉంచుతుంది. అమ్మానాన్నల దగ్గర ఆరు నెలలు ఉండి ఇక్కడి నుంచే పనిచేసేవాళ్లకు అది చాలదు. నమ్మకమైన స్నేహితుడి ఇంటికి తాత్కాలికంగా మళ్లించుకోవాలి, లేదా ఉత్తరాలు స్కాన్ చేసి పంపే మెయిల్‌బాక్స్ సంస్థను పెట్టుకోవాలి. దానికి 1583 నంబరు ఫారం, గుర్తింపు పత్రాలు కావాలి. ఆ పని విమానం ఎక్కకముందే చేసుకోండి.

మన సంఘానికి ఒక చిన్న మనవి. ఊళ్లోనే ఉన్న పూర్వ విద్యార్థులు చాలామంది ఉన్నారు. బయట ఉన్నవాళ్లం మరీ ఎక్కువ. బ్యాచ్‌కు ఇద్దరు చొప్పున ముందుకొస్తే, తాళం వేసిన ఇళ్ల దగ్గర పదిహేను రోజులకోసారి ఆగి చూడటం పెద్ద పని కాదు. తలుపు మీద కాగితం ఉందా, సందులో కవరు ఉందా అని చూసి ఒక ఫొటో పంపితే చాలు. దానికి అవసరమైన రాతకోతలు, ఫారాలు నేను తయారుచేసి సంఘానికి ఇస్తాను.

మా తోట సంగతి చెప్పి ముగిస్తాను. లోక్ అదాలత్‌లో రాజీ పడ్డాం. అన్నయ్య మొదటి ఉత్తరంలో అడిగినట్టే దారి వదిలాం. ఆ ఉత్తరం సకాలంలో చదివి ఉంటే లాయర్ల ఫీజులూ, రెండేళ్ల మౌనమూ మిగిలేవి. ఇప్పుడు మా ఇంటి తాళం చెవి అన్నయ్య దగ్గరే ఉంది. కవర్ల ఫొటోలు పంపేది ఆయనే. ఫొటో కింద ఒక్కోసారి "తిన్నావా" అని కూడా రాస్తాడు.

స్టాండ్‌బై మనిషి మోటారు వైండింగ్ షాపులోనే ఉన్నాడు. అసలైతే ఇక్కడే, మూడో వరుసలో కూర్చున్నాడు. పదో తరగతి తర్వాత చదువు ఆపేశానని ఈ వేదిక ఎక్కడానికి మొహమాటపడుతున్నాడు. కార్యదర్శి గారు అనుమతిస్తే, నాకు కప్పడానికి తెచ్చిన ఈ శాలువా వాడికి కప్పుతాను.