పంటి వైద్యం – మత్తు భయం



పంటి నొప్పి తెలియని ఇల్లు లేదు. పగలంతా పనిలో పడి నొప్పిని మరిచిపోవచ్చు. రాత్రి పడుకోగానే అది మళ్లీ మొదలవుతుంది. బుగ్గ కింద చెయ్యి పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్న తల్లులు ఎందరో ఉన్నారు.

అయినా దవాఖానకు పోరు. పంటి మీద లవంగం పెడతారు. తంబాకు పొడి అద్దుతారు. దుకాణంలో నొప్పి గోలి కొని వేసుకుంటారు. నొప్పి కొంచెం తగ్గుతుంది. "ఇగ తగ్గింది" అనుకుంటారు. కాని లోపల పన్ను పుచ్చుతూనే ఉంటుంది.

ఎందుకు పోరు? పైసలు లేక కొందరు. తీరిక లేక కొందరు. కాని చాలామందిని ఆపేది భయం. "సూది గుచ్చుతరు. పన్ను పీకుతరు. ఆ నొప్పికి ఓర్చుకోలేను." ఇదే ఆ భయం.

ఇప్పుడు మాట్లాడుకునేది ఆ భయం గురించే. నొప్పి తెలియకుండా పంటికి వైద్యం చేయవచ్చు. భయం మరీ ఎక్కువ ఉన్నవాళ్లకు మగత ఇచ్చి చేయవచ్చు. అది ఎలాగో తెలుసుకుంటే సగం భయం పోతుంది.

ఆలస్యం చేస్తే ఏమవుతుంది?

పంటికి పైన గట్టి పొర ఉంటుంది. లోపల నరం, రక్తం ఉంటాయి. పుచ్చు పైపొరలోనే ఉన్నప్పుడు నొప్పి ఉండదు. అప్పుడే పోతే డాక్టరు పుచ్చు తీసి, సిమెంటు నింపి, పన్నును నిలబెడతారు. పుచ్చు నరం దాకా పోతే నొప్పి మొదలవుతుంది. అప్పుడు రూట్ కెనాల్ చేయాలి. లేదా పన్ను తీయాలి.

ఇంకా ఆలస్యం చేస్తే పంటి మొదట్లో చీము పడుతుంది. బుగ్గ వాస్తుంది. ఆ చీము దవడ కిందికి, మెడలోకి దిగవచ్చు. అప్పుడు నోరు తెరుచుకోదు. మింగడం కష్టం. ఊపిరి ఆడదు. ప్రాణం మీదికి వస్తుంది. వాపుతో పాటు జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా వెంటనే పెద్ద దవాఖానకు పోవాలి. రాత్రి అని ఆగకూడదు.

ఇంకొక మాట. చీము పట్టిన చోట తిమ్మిరి సూది సరిగా పనిచేయదు. అంటే ఆలస్యం చేసినకొద్దీ నొప్పి లేకుండా వైద్యం చేయడం కష్టమవుతుంది. నొప్పికి భయపడి ఆగినవాళ్లకే చివరికి ఎక్కువ నొప్పి.

మత్తు ఎట్లా వచ్చింది?

పూర్వం మత్తు లేదు. పన్ను తీయాలంటే మనిషిని గట్టిగా పట్టుకుని, పట్టకారుతో పీకేవారు.

అమెరికా దేశంలో హొరేస్ వెల్స్ అనే పళ్ల డాక్టరు ఉండేవాడు. 1844 డిసెంబరులో ఆయన ఒక ప్రదర్శన చూడబోయాడు. అక్కడ కొందరు ఒక గాలిని పీల్చి నవ్వుతున్నారు, గంతులు వేస్తున్నారు. ఒకతని కాలికి దెబ్బ తగిలింది. దెబ్బ తగిలినట్టు అతనికి తెలియనే లేదు! వెల్స్ అది గమనించాడు. మరునాడే, డిసెంబరు 11న, తానే ఆ గాలిని పీల్చి తన పన్ను తీయించుకున్నాడు. నొప్పి తెలియలేదు. ఆ గాలి పేరు నైట్రస్ ఆక్సైడ్. దానినే నవ్వించే గాలి అంటారు.

రెండేళ్లకు, 1846 అక్టోబరు 16న, విలియం మోర్టన్ అనే మరొక పళ్ల డాక్టరు బోస్టన్ నగరంలో ఈథర్ అనే మందును రోగికి పీల్పించాడు. అందరి ముందు నొప్పి లేకుండా ఆపరేషన్ జరిగింది. అంటే మత్తును లోకానికి చూపించినవాళ్లు పళ్ల డాక్టర్లే.

1847లో క్లోరోఫాం అనే మందు వాడకంలోకి వచ్చింది. అది మన దేశానికీ వచ్చింది. కాని క్లోరోఫాం ఇచ్చినప్పుడు అప్పుడప్పుడు రోగులు చనిపోయేవారు. కారణం ఏమిటో తేల్చడానికి 1888లో ఒకసారి, 1889లో మరొకసారి హైదరాబాదులో సంఘాలు కూర్చున్నాయి. అప్పుడు మంచిర్యాల కూడా నిజాం రాజ్యంలోనే ఉంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆ పనికి డబ్బు ఇచ్చాడు. ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు పరీక్షలు నడిపించాడు. మత్తు ఇచ్చేటప్పుడు ఊపిరినే కనిపెట్టుకుని ఉండాలని ఆయన చెప్పాడు. క్లోరోఫాం గుండెను కూడా ఆపగలదని తరువాత తేలింది. ఇప్పుడు మత్తు కోసం ఆ మందు వాడరు. కాని రోగి ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలన్న మాట మాత్రం నేటికీ నిలిచింది.

ఆ రోజుల్లోనే హైదరాబాదులో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ మహిళ వైద్యం చదివింది. 1889లో పట్టా పొందింది. అఫ్జల్‌గంజ్ దవాఖానలోనూ, ఇతర దవాఖానల్లోనూ రోగులకు క్లోరోఫాం ఇచ్చేది. ఇంకా నేర్చుకోవాలని 1909లో ఎడింబరో నగరానికి పోయింది. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు డాక్టరు ఈమే అని చెబుతారు. ఆడవాళ్లు గడప దాటడమే కష్టమైన కాలం అది. అప్పుడే ఒక ఆడమనిషి రోగి తల దగ్గర నిలబడి, ఊపిరి లెక్క చూస్తూ, ప్రాణం కాపాడింది. ఇప్పుడు ప్రభుత్వ పళ్ల దవాఖాన, కాలేజీ ఉన్నది కూడా ఆ అఫ్జల్‌గంజ్‌లోనే.

మత్తు మూడు రకాలు

"మత్తు ఇస్తరు" అని అందరూ ఒకే మాట అంటారు. కాని అది మూడు వేరు వేరు పనులు.

మొదటిది తిమ్మిరి సూది. పంటి దగ్గర చిగురులో ఇస్తారు. మందు పేరు లిగ్నోకెయిన్. కొద్ది నిమిషాల్లో ఆ చోటు మొద్దుబారుతుంది. మనిషి పూర్తిగా తెలివిలోనే ఉంటుంది. పన్ను మీద ఒత్తుడు తెలుస్తుంది. నొప్పి తెలియదు. పెదవి, బుగ్గ రెండు మూడు గంటలు బరువుగా ఉంటాయి. తరువాత మామూలవుతాయి.

రెండవది మగత. ఇందులో మనిషి సగం నిద్రలో ఉన్నట్టు ఉంటుంది. పిలిస్తే పలుకుతుంది. చెప్పింది చేస్తుంది. కాని భయం, వణుకు తగ్గిపోతాయి. మగతను మూడు విధాలుగా ఇస్తారు. నవ్వించే గాలిని ఆక్సిజన్‌తో కలిపి ముక్కుతో పీల్పిస్తారు. లేదా గోలి ఇస్తారు. లేదా చేతి నరంలో సూది ఇస్తారు. మగత ఇచ్చినా తిమ్మిరి సూది కూడా ఇస్తారు. ఎందుకంటే మగత భయాన్ని తీస్తుంది, తిమ్మిరి సూది నొప్పిని తీస్తుంది.

మూడవది పూర్తి మత్తు. మనిషికి ఏమీ తెలియదు. దీనిని ఆపరేషన్ గదిలో, మత్తు డాక్టరు మాత్రమే ఇవ్వాలి. పంటి వైద్యానికి ఇది చాలా తక్కువగా అవసరం అవుతుంది.

మగత ఎవరికి మేలు?

ఒక పన్ను తీయడానికి, సిమెంటు నింపడానికి ఎక్కువమందికి తిమ్మిరి సూది చాలు. కాని కొందరికి మగతతో మేలు జరుగుతుంది.

కుర్చీలో కూర్చోగానే వణికిపోయేవాళ్లు ఉంటారు. నోట్లో పనిముట్టు పెట్టగానే వాంతి వచ్చేవాళ్లు ఉంటారు. కదలకుండా కూర్చోలేని పిల్లలు ఉంటారు. మానసిక వికలాంగులు ఉంటారు. ఎముకలో ఇరుక్కున్న జ్ఞానదంతం తీయించుకునేవాళ్లు ఉంటారు. నాలుగైదు పళ్లకు ఒకేసారి వైద్యం కావలసినవాళ్లు ఉంటారు. వీళ్లకు మగత ఇస్తే డాక్టరు నిమ్మళంగా పని చేయగలుగుతారు. నాలుగుసార్లు తిరిగే పని ఒక్కసారిలో అయిపోవచ్చు. కూలి దినాలు మిగులుతాయి. పిల్లలకు దవాఖాన అంటే జన్మంతా ఉండే బెదురు పట్టదు.

మగత ప్రతి పళ్ల దవాఖానలో ఉండదు. దానికి నేర్చినవాళ్లు కావాలి. ఆక్సిజన్ ఉండాలి. ఊపిరిని, నాడిని చూసే మిషను ఉండాలి. ఖర్చు కూడా వేరే ఉండవచ్చు. అందుకే ముందే అడగాలి.

ఒక అమ్మ, ఒక డాక్టరమ్మ

శ్రీరాంపూర్ కాలనీలో ఒక అమ్మ ఉందనుకోండి. పెనిమిటి బొగ్గుబాయికి పోతాడు. ఆమెకు కింది పన్ను నొస్తోంది. పక్కింటి వదినను తోడు తీసుకుని దవాఖానకు పోయింది.

"డాక్టరమ్మా, సూది అంటే నాకు కాళ్లు వణుకుతయి."

"భయం అందరికీ ఉంటుందమ్మా. చెప్పారు, మంచిదే. షుగర్, బీపీ ఏమైనా ఉన్నాయా?"

"బీపీ ఉన్నది. ఇయ్యాల గోలి వేసుకోలే. మత్తు ఇస్తరని పొద్దుటి నుంచి ఉపాసం ఉన్న."

"మీకు తిమ్మిరి సూదే చాలు. దానికి ఉపాసం అక్కరలేదు. ఖాళీ కడుపుతో ఉంటే కళ్లు తిరుగుతాయి. ఏమైనా తిని, గోలి వేసుకుని రండి. అప్పుడు బీపీ చూసి మొదలుపెడదాం."

"మధ్యల నొప్పి లేస్తే ఎట్ల?"

"ఎడమ చెయ్యి పైకి లేపండి. ఆపేస్తాను. ఇంకొంచెం మందు ఇస్తాను."

చూశారా! ఆమె నాలుగు మాటలు చెప్పింది. ఆ నాలుగు మాటలతోనే వైద్యం సులువైంది. భయం దాచుకోవడం గొప్ప కాదు. చెప్పుకోవడం సిగ్గు కాదు.

డాక్టరుకు ఏమి చెప్పాలి?

షుగర్, బీపీ, గుండె జబ్బు, ఆయాసం, ఫిట్స్ ఉంటే చెప్పాలి. రక్తం పలుచబడే గోలీలు వేసుకుంటుంటే చెప్పాలి. ఇదివరకు ఏ సూదికైనా ఒళ్లు దద్దుర్లు లేస్తే చెప్పాలి. కల్లు, సారా అలవాటు ఉంటే అది కూడా దాచకూడదు.

కడుపుతో ఉంటే తప్పకుండా చెప్పాలి. కడుపుతో ఉన్నవాళ్లకు కూడా తిమ్మిరి సూది ఇవ్వవచ్చు. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా వైద్యానికి వీలైన కాలం. మొదటి మూడు నెలల్లో నవ్వించే గాలి ఇవ్వరు. పాలిచ్చే తల్లులు కూడా ఆ మాట చెప్పాలి.

గోలితో గాని, నరం సూదితో గాని మగత ఇస్తామంటే, ఎన్ని గంటల ముందు నుంచి తినకూడదో, తాగకూడదో అడగాలి. తోడు మనిషి లేకుండా పోకూడదు. ఆ రోజంతా మబ్బుగా ఉంటుంది. పొయ్యి దగ్గరికి పోకూడదు. బండి నడపకూడదు. అప్పు కాగితాల మీద, భూమి కాగితాల మీద సంతకం పెట్టకూడదు. నవ్వించే గాలి ఒక్కటే అయితే, ఆపిన కొద్ది నిమిషాలకే తెలివి వస్తుంది.

తిమ్మిరి పోయేదాకా వేడి చాయ్ తాగవద్దు. తెలియక పెదవి కొరుక్కునే ప్రమాదం ఉంది. పిల్లల దగ్గర కూర్చుని చూసుకోవాలి.

"పై పన్ను తీస్తే చూపు పోతది" అని కొందరు అంటారు. అది నిజం కాదు. పంటి నరం వేరు. చూపు నరం వేరు.

వేలిముద్ర కాదు, సంతకం

మగత గాని, పూర్తి మత్తు గాని ఇచ్చే ముందు దవాఖానలో ఒక కాగితం ఇస్తారు. అది ఒప్పుదల కాగితం. ఏ వైద్యం చేస్తారో, ఏ మత్తు ఇస్తారో, ఏమి జరగవచ్చో అందులో ఉంటుంది. ఇదివరకు ఆ కాగితం మీద బొటనవేలు అద్దేవారు. అందులో ఏముందో ఎవరూ చెప్పేవారు కాదు.

ఇప్పుడు మీరు చదవగలరు. తొందరపడవద్దు. కూడబలుక్కుని చదవండి. ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చెప్పమనండి. ఏ మత్తు, ఎందుకు, ఎవరు ఇస్తారు, ఎంత ఖర్చు – ఈ నాలుగు అడగండి. అర్థమైన తరువాతే సంతకం చేయండి.

సింగరేణి కార్మికుల కుటుంబాలకు కంపెనీ దవాఖానలు ఉన్నాయి. అందరికీ ప్రభుత్వ దవాఖానలు ఉన్నాయి. మంచిర్యాలలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా మొదలైంది. ఇక్కడ కాని వైద్యానికి హైదరాబాదు పంపిస్తారు. దారి ఉంది. పన్ను నొస్తుంటే ఈ వారమే బయలుదేరండి.

మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో ఎవరైనా భయంతో పంటి నొప్పిని దాచుకున్నారా?

2. తిమ్మిరి సూదికి, మగతకు తేడా ఏమిటి?

3. సంతకం పెట్టే ముందు మీరు అడిగే నాలుగు ప్రశ్నలు పలకమీద రాయండి.