కోరింత దగ్గు - ఇంట్లో ఎవరెవరున్నారు?

మేము డాక్టర్లము కాము. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొనేవాళ్ళము. హాజరుపట్టీ మా చేతిలో ఉంటుంది గనుక ఈ నాలుగు మాటలు చెప్పే ధైర్యం చేస్తున్నాము.

మనం కాలీ ఖాసీ అంటాము, తెలుగులో కోరింత దగ్గు. మొదటి ఒకటి రెండు వారాలు ఉత్త పడిశంలాగే ఉంటుంది, అంటుకునేది అప్పుడే ఎక్కువ. ఊపిరి తిప్పుకోనివ్వని దగ్గు, చివర కూత, వాంతి వచ్చి మనకు అనుమానం కలిగేసరికి ఎందరికో పాకి ఉంటుంది. టీకా రక్షణ లేని ఇంటివాళ్ళలో పదిమందికి ఎనిమిది, తొమ్మిది మందికి సోకవచ్చు. మన పల్నాడులో మరో చిక్కు, మిరప కోతల రోజుల్లో ప్రతి దగ్గునూ ఘాటు మీదికి నెట్టేస్తాము.

మా తరగతిలో ఒక పిల్లవాడు దగ్గుతుంటే మేమూ మిరపకాయలనే తిట్టుకున్నాము. తప్పు మాదే. కళ్ళు ఎర్రబడి, తాగిన నీళ్ళు కూడా కక్కుకుంటుంటే అప్పుడు ఆసుపత్రికి పంపాము. తర్వాత నర్సమ్మ వచ్చి, "మూడు వారాలుగా వీడి పక్కన కూర్చున్నదెవరు, పడుకున్నదెవరు?" అని అడిగింది. బెంచీ పేర్లు మేము రాసిచ్చాము. ఇంటి పేర్లు దాదీ చెప్పింది. అందరినీ చెప్పి, కాన్పుకు వచ్చిన కూతుర్ని, పసిబిడ్డను వదిలేసింది. "వాళ్ళు చిల్లాలో ఉన్నారు, గది దాటి రారు కదా!" అంది. వాళ్ళు రారు, నిజమే. మనవడు మాత్రం బడి నుంచి పోగానే ఫూఫీ బిడ్డను ఎత్తుకునేవాడు!

చిల్లా 40 రోజులు. కోరింత దగ్గును ఆపే మొదటి పెంటావాలెంట్ సూది ఆరు వారాలకు, అంటే 42వ రోజుకు. ప్రభుత్వం గర్భిణులకు వేసే టీడీ సూదిలో ఈ జబ్బుకు రక్షణ లేదు. పైగా అంత పసివాళ్ళు కూతపెట్టి దగ్గకపోవచ్చు, ఊపిరి ఆగి నీలం తిరగవచ్చు.

డాక్టరు గారు ఇంటిల్లిపాదికీ, బిడ్డకు కూడా, అజిత్రోమైసిన్ ఐదు రోజులు రాశారు. దగ్గు లేనివాళ్ళకెందుకని దాదీ గొడవ. లోపల చేరిన క్రిమి బయటపడటానికి వారం పది రోజులు, ఒక్కోసారి మూడు వారాలు పడుతుందని నర్సమ్మ ఓపికగా చెప్పింది. పిల్లవాడి కార్డులో ఏడాదిన్నర నాటి డీపీటీ బూస్టరూ లేదు, ఐదేళ్ళదీ లేదు.

మర్నాడు దాదీ తనే బడికి వచ్చింది. "మాస్టర్ సాబ్, ఇంకో ముగ్గురున్నారు. బిడ్డను చూడవచ్చి ముద్దుపెట్టుకున్నారు. రాసుకోండి" అంది. హాజరుపట్టీ చివరి పేజీలో రాసుకున్నాము.